ఆఖరిదని చెప్పి పదహారు సార్లు వచ్చిన ఫైనల్ ఫాంటసీ గారికి

మహారాజశ్రీ ఫైనల్ ఫాంటసీ గారికి,

చాలాకాలంగా మీ పేరిట వస్తున్న వీడియో ఆటలు ఆడుతున్న ఒక అభిమాని నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీ లోకాలలో ప్రస్తుతం దేని మీదికి ఏ ఉల్క దిగివస్తోందో తెలియదు గనుక, మీ క్షేమం అడిగే సాహసం చేయడం లేదు.

ఈ లేఖకు కారణం మా మేనల్లుడు. సెలవులకు వచ్చినవాడు మీ ఆరో భాగాన్నీ పదహారో భాగాన్నీ ఒకదాని వెంట ఒకటి కాసేపు ఆడి, "మామయ్యా, ఈ రెండూ ఒకే ఇంటివాళ్లని నువ్వెలా చెబుతున్నావు?" అని అడిగాడు. ఒకదానిలో బొటనవేలంత బొమ్మలు వరుసగా నిలబడి తమ వంతు కోసం ఎదురుచూస్తాయి. ఇంకొకదానిలో ఒక్కడే కత్తి పట్టుకుని, గాలిలో గిరికీలు కొడుతూ, ఎదురైనదాన్నల్లా నరుకుతూ పోతాడు. కథ వేరు, లోకం వేరు, మనుషులు వేరు, యుద్ధం వేరు. వాడికి జవాబు చెప్పడానికి గొంతు సవరించుకున్న నేను, గంట గడిచాక కూడా సవరించుకుంటూనే ఉన్నాను. అందుకని ఆ ప్రశ్నను నేరుగా మీకే పంపుతున్నాను: అయ్యా, ఏముంటే మీరు మీరవుతారు?

ముందుగా పేరు సంగతి. నేతి బీరకాయలో నెయ్యి ఎంతో, మీ పేరులోని ‘ఫైనల్’లో ముగింపు అంత. 1987 డిసెంబరు 18న జపాన్‌లో ఫామికామ్ అనే ఆటల యంత్రం మీద మీరు తొలిసారి కనిపించినప్పుడు, ఈ ఆట ఆదరణ పొందకపోతే ఈ రంగానికే దండం పెట్టి మళ్లీ విశ్వవిద్యాలయానికి వెళ్లిపోవాలని మీ సృష్టికర్త హిరోనోబు సకగుచి అనుకున్నారనీ, ఆ నిరాశలోంచే ఈ పేరు పుట్టిందనీ మేము చాలాకాలం గద్గద స్వరంతో చెప్పుకున్నాం. తీరా 2015లో ఆయనే, తమకు కావలసింది ‘ఎఫ్ ఎఫ్’ అని పలకడానికి అనువైన పేరేననీ, మొదట ‘ఫైటింగ్’ అనుకుంటే ఆ పేరు అప్పటికే వేరేవాళ్లది కావడంతో ‘ఫైనల్’కు మారామనీ చల్లగా సెలవిచ్చారు. మా గద్గద స్వరానికి ఎవరు పరిహారం ఇస్తారు?

అంకెల విషయంలోనూ మీది అదే నిలకడ. మీ నాలుగో భాగం అమెరికాకు వెళ్లేసరికి రెండో భాగమైంది, ఆరోది మూడోదైంది, ఆ తరువాత 1997లో ఏడోది ఏడోదిగానే అక్కడ దిగేసరికి, మూడు దాటాక ఏడు ఎలా వచ్చిందో తెలియక అక్కడి పిల్లలు వేళ్లు లెక్కపెట్టుకున్నారు. పదో భాగానికి మళ్లీ రెండో భాగం, పదమూడో భాగానికి ఇంకో రెండు భాగాలు, ఏడో భాగాన్ని కొత్తగా తీస్తూ దాన్నే మూడు భాగాలు చేయడం (2020లో ఒకటి, 2024లో ఇంకొకటి వచ్చాయి) చూస్తుంటే, ఉమ్మడి ఆస్తి పంపకాల కాగితాలు కూడా ఇంతకంటే తేలికగా అర్థమవుతాయనిపిస్తుంది.

సరే, స్ఫటికాలే మీ ప్రాణమని పెద్దలంటారు. తొలి ఆటలో నలుగురు వెలుగు యోధులు పంచభూతాలలో నాలుగింటికి చెందిన స్ఫటికాలకు మళ్లీ కాంతి తెస్తారు కనుక, నేనూ మేనల్లుడికి ముందు అదే చెప్పాను. చెప్పాక గుర్తొచ్చింది: 1992 నాటి ఐదో భాగంలో ఆ స్ఫటికాలు పగిలిపోతాయి, పదో భాగం కథ వాటి మీద ఆధారపడనే పడదు, 2023లో వచ్చిన పదహారో భాగంలోనైతే కథానాయకుడు ఊరూరా తిరిగి తల్లిస్ఫటికాలను పగలగొట్టడమే పుణ్యకార్యంగా పెట్టుకుంటాడు. ముత్తాత ప్రతిష్ఠించిన దేవుణ్ణి మునిమనవడు సుత్తి పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లే వంశం ఇంకెక్కడైనా ఉంటే చెప్పండి, చూసి వస్తాను.

అయితే సిడ్ ఉన్నాడు కదా అన్నాను. రెండో భాగం మొదలు మీ ప్రతి లోకంలోనూ సిడ్ అనే పేరుగలవాడు ఒకడు ఉండితీరాలి. కాని ఎవడీ సిడ్? నాలుగో భాగంలో ఎగిరే ఓడలు కట్టే మేస్త్రీ, ఏడులో సిగరెట్టు ఆర్పకుండా అందరినీ తిట్టే విమానచోదకుడు, ఎనిమిదిలో భార్యకు భయపడే ప్రిన్సిపాలు, పన్నెండులో దుర్మార్గపు శాస్త్రవేత్త, పదిహేనులో కారు బాగుచేసే ముసలాయన, పదహారులో బానిసలను విడిపించే విప్లవకారుడు. 2001లో మీ పేరు పెట్టుకుని వచ్చి, మిమ్మల్ని తయారుచేసే స్క్వేర్ సంస్థకు భారీ నష్టం మిగిల్చిన సినిమాలో మంత్రాలు లేవు, కత్తులు లేవు, మీ వాసనే లేదు. కాని సిడ్ అనే డాక్టరు మాత్రం ఉన్నాడు. మనిషిని పూర్తిగా మార్చేసి తాతగారి పేరు మాత్రం పెట్టే సంప్రదాయం మా ఇళ్లలోనూ ఉంది కనుక దీన్ని తప్పుపట్టను. అయితే తాతగారి పేరు పెట్టినంత మాత్రాన మనవడు తాతగారని మేము ఎప్పుడూ వాదించలేదు.

చొకోబో దగ్గరికి వచ్చేసరికి నాకు మాట కొంచెం మెత్తబడుతుంది. గుర్రానికి బదులు మనిషి ఎక్కి తిరిగే ఆ పసుపుపచ్చ పక్షి 1988లో రెండో భాగంలో వచ్చింది, 1990లో మూడో భాగంతో మూగుల్ అనే తెల్లటి బొచ్చుజీవి దానికి తోడైంది. మీరు యుద్ధాన్ని మార్చారు, స్ఫటికాల్ని పగలగొట్టారు, కాని ఆ పక్షి పాటను మాత్రం ఐదో భాగంలో మాంబో అనే నాట్యపు బాణీలో ఒకసారి, ఇంకోచోట ఇంకో బాణీలో ఇంకోసారి వేషం మార్చి వాయిస్తూనే ఉన్నారు. ఎక్కి తిరగడానికి తావు చిక్కనప్పుడు ఒక పిల్లచొకోబోను పదమూడో భాగంలో ఒక పాత్ర జుట్టులో కాపురం పెట్టించారు. అలాగే నోబువో ఉయెమత్సు కూర్చిన ఆ ఆరంభ సంగీతం. మెట్లెక్కి దిగినట్టు స్వరాలు ఒకదాని వెనుక ఒకటి పైకి పోయి కిందికి జారే ఆ చిన్న వరస ఫామికామ్‌లోని పేద స్వరాలతో మొదలై వాద్యబృందాల దాకా వెళ్లింది. అది వినబడగానే నా వయసులో సగం రాలిపోతుంది. ఇది నా బలహీనత అని ఒప్పుకుంటున్నాను, దీన్ని మీరు నాకు వ్యతిరేకంగా వాడుకుంటున్నారని కూడా తెలుసు.

ఇక యుద్ధపద్ధతి. ఇక్కడ మిమ్మల్ని మీ తోటికోడలితో పోల్చక తప్పదు. మీకంటే ఏడాది ముందు, 1986లో, డ్రాగన్ క్వెస్ట్ అనే ఆట కాపురానికి వచ్చింది. యుజీ హొరీ కథ, అకిర తొరియామ బొమ్మలు, కొఇచి సుగియామ సంగీతం, అదే స్లైము అనే నీలిరంగు బంకజీవి. ఆవిడ దశాబ్దాల తరబడి అదే పప్పు, అదే తాలింపుతో వండితే జపాన్ యావత్తూ విస్తరి ముందు కూర్చుని మారు వడ్డించుకుంది. 2003లో మీ స్క్వేర్, ఆవిడ ఎనిక్స్ సంస్థలు కలిసిపోవడంతో మీరిద్దరూ ఒకే వంటింట్లో పడ్డారు. అయినా మీరు పొయ్యి, గిన్నె, వంట అన్నీ ప్రతిసారీ మారుస్తారు. రెండో భాగంలో దెబ్బలు తింటేనే ప్రాణబలం పెరుగుతుందని నియమం పెట్టారు. మేము రాక్షసుల్ని పక్కనపెట్టి మావాళ్లను మేమే కొట్టుకుని పెద్దయ్యాం. నాలుగో భాగంలో మీ రూపకర్తలలో ఒకరైన హిరోయుకి ఇతో ఫార్ములా వన్ పందెంలో కార్లు ఒకదాన్నొకటి దాటడం చూసి, చురుకైనవాడికి వంతు త్వరగా వచ్చే పద్ధతి కనిపెట్టారు. మీరు కనిపెట్టినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే, గబగబా నొక్కాలన్న కంగారును ఆలోచనతో ముడివేసింది గనుక. ఎనిమిదిలో శత్రువు ఒంట్లోంచి మంత్రాలను బావిలో నీళ్లలా తోడుకోవాలి, మనం ఎదిగితే శత్రువూ ఎదుగుతాడు, పైగా జీతం పెరగాలంటే పరీక్ష రాయాలి. ఉద్యోగం మరచిపోవడానికే ఆట ఆడేవాణ్ణి కూర్చోబెట్టి డిపార్ట్‌మెంటల్ పరీక్ష రాయించిన ఘనత మీదే. పన్నెండులో ఎవరు ఎప్పుడు ఏం చేయాలో ముందే రాసిపెడితే పాత్రలు తమంతట తాము పోరాడతాయి, నేను వెళ్లి టీ పెట్టుకుని రావచ్చు.

ఇన్ని చెప్పాక మేనల్లుడు, "అంటే ఏదీ లేదన్నమాట" అన్నాడు. ఆ మాటతో నాకు కోపం వచ్చింది, ఆ కోపంలో ఒక జవాబూ తోచింది. కిందటిసారి నెగ్గిన ఎత్తును ఈసారి కిటికీలోంచి పారేయడమే మీ అసలు గుణం. పారేశాక, ఇల్లు ఖాళీ చేసినవాళ్లు దేవుడి పటం ఒక్కటే చంకన పెట్టుకుని బయలుదేరినట్టు, ఒక పక్షినీ ఒక పేరునూ ఒక రాగాన్నీ పట్టుకుని కొత్త లోకానికి చేరుకుంటారు. ముఖ్యమైనదల్లా మారుతుంది, చిల్లరది మాత్రం భద్రంగా ఉంటుంది. మామూలు సంసారాల్లో ఇది తలకిందుల వ్యవహారం.

మీరు వదలనిది ఇంకొకటి ఉంది, దాన్ని మీరెప్పుడూ ప్రకటనల్లో చెప్పుకోరు: ప్రళయాన్ని వెయిటింగ్ రూములో కూర్చోబెట్టడం. ఏడో భాగంలో ఆకాశంలో ఎర్రగా ఉల్క వేలాడుతూ ఉంటుంది, భూమి రేపో మాపో బూడిద. నేను మాత్రం బంగారురంగు చొకోబో పుట్టాలని జతలు కలుపుతూ, పందేలు వేయిస్తూ, సంబంధాలు చూసే పెళ్లిళ్ల పేరయ్యలా నలభై గంటలు గడిపాను. ఉల్క మర్యాదస్తురాలు, ఆగింది. ఆ ఆటలోనే చివరి శత్రువు సెఫిరోత్ పిలిచే తోకచుక్క ప్లూటోను, శనిని, గురువును దాటుకుంటూ వచ్చి సూర్యుణ్ణి పేల్చి సౌరకుటుంబాన్ని మింగుతుంది. అంతా చూశాక మా ముగ్గురికీ కొంత ఒంటినొప్పులు, అంతే. కాసేపటికి అతడు అదే సౌరకుటుంబాన్ని మళ్లీ మింగుతాడు. పదిహేనో భాగంలో రాజ్యం పోయి తండ్రి చనిపోయిన యువరాజు నలుగురు స్నేహితులలో ఒకడై గుడారం వేసి, చేపలు పట్టి, కప్ నూడుల్స్ గొప్పతనం మీద ఒక మిత్రుడి ప్రవచనం వింటాడు. ఈ అసందర్భాన్ని ఎందరో వెక్కిరించారు, నేనూ వెక్కిరించాను, కాని నా పరిశీలనలో మీ వాళ్లంటే మాకు ప్రేమ పుట్టేది సరిగ్గా అక్కడే. ఆ చేపలు పట్టే పూటలు లేకపోతే ఆ యువరాజు చివర చేసేదానికి నాకేమీ అనిపించేది కాదు.

మిమ్మల్ని మీరు సరిగా చూసుకున్నది ఒక్కసారేనేమో. 2010లో వచ్చిన, అందరూ ఆన్‌లైన్‌లో కలిసి ఆడే పద్నాలుగో భాగం ఘోరంగా తప్పినప్పుడు, మామూలు సంస్థలు చేసినట్టు చిన్నచిన్న మరమ్మతులతో సరిపెట్టకుండా, ఆకాశంలోని ఒక చంద్రుణ్ణి నేలకు దించి, అందులోంచి బహమూత్ అనే మహానాగాన్ని విడిచి, ఆటగాళ్లు చూస్తుండగానే లోకాన్ని తగలబెట్టి, నయోకి యొషిద నాయకత్వంలో 2013లో అదే అంకెతో కొత్తగా పుట్టారు. ప్రళయం అన్న మాటను మీరు కథకే కాక లెక్కల పుస్తకానికి కూడా వర్తింపజేశారు. 2003లో సంస్థను వదిలి వెళ్లిన సకగుచి గారు ఇప్పుడు ఆ పద్నాలుగో లోకంలో మామూలు ఆటగాడిగా తిరుగుతున్నారు. ఇల్లు కట్టించినాయన అదే ఇంట్లో అద్దెకు దిగినట్టుంది. ఆయన ముఖంలో మాత్రం సంతోషమే కనబడుతోంది.

మా సంగతి కూడా చెప్పుకోవాలి, లేకపోతే అన్యాయమవుతుంది. ఎవరు ఏ భాగంతో మొదలుపెడితే అదే అసలైనది, తరువాతవన్నీ కులం చెడ్డవి. ఆరుతో మొదలుపెట్టినవాడికి ఏడు హంగామా, ఏడుతో మొదలుపెట్టినవాడికి పది ఏడుపుగొట్టుది, పదితో మొదలుపెట్టినవాడికి పదమూడు పక్కకు తిరగనివ్వని రైలుపట్టా. ఇది తెలిసే కాబోలు, పదిహేనో భాగం తెరిచినప్పుడల్లా, ఇది అభిమానులకూ కొత్తవాళ్లకూ కూడా అని తెర మీద రాసి చూపించారు. శుభలేఖ మీద ‘ఇరువైపుల బంధువులూ రాగలరు’ అని వేయించేది ఇరువైపులవారూ మాట్లాడుకోనప్పుడే.

మా మేనల్లుడు పదహారో భాగం ఇంకా ఆడుతున్నాడు. మధ్యలో తెల్లటి చొకోబో ఎక్కగానే, "ఓహో, ఇదా" అన్నాడు. అది మామూలుగా పసుపుపచ్చగా ఉండాలని చెప్పబోయి ఊరుకున్నాను. పదిహేడోది ఎప్పుడు వస్తే అప్పుడు, ఇది ఫైనల్ ఫాంటసీ కానే కాదని మొదటిరోజే అంటాను, అదేరోజు కొంటాను. ఆ మేరకు హామీగా ఈ లేఖను దాచుకోగలరు.

ఇట్లు,
మీ వల్ల ఎన్నో రాత్రుల నిద్ర పోగొట్టుకున్న
ఒక మామయ్య

తా.క. ఏడో భాగం మొదటి డిస్కు చివర మా జట్టులోని ఏరిత్ అనే అమ్మాయి నేలకొరిగినప్పుడు నా సంచిలో చనిపోయినవారిని లేపే ఫీనిక్స్ ఈకలు ముప్పైకి పైగా ఉన్నాయి. అప్పుడు ఒక్కటి కూడా వాడనివ్వలేదు. అవి ఇంకా అలాగే ఉన్నాయి. ఎవరికైనా అవసరమైతే కబురు చేయగలరు.