న్యూ ఫోల్డర్ (4) గారికి ఒక బహిరంగ లేఖ

న్యూ ఫోల్డర్ (4) గారికి,

హన్మకొండ నుంచి దండాలు. గారు అని ఎందుకంటున్న అంటే నీ కడుపుల ఇంకో న్యూ ఫోల్డర్, దాని కడుపుల మల్ల ఇంకోటి, మూడు తరాలను సాకుతున్నవ్, మర్యాద ఇయ్యాలె గదా.

మొన్న పొద్దుగాల డీటీపీ షాపు షట్టర్ లేపిన్నో లేదో ఒక పెద్దాయన వచ్చి కూసున్నడు. "తమ్మీ, బిడ్డ లగ్గం కార్డు నీ దగ్గర్నే కొట్టించిన, గదే డిజైన్ల ఇప్పుడు కొడుకుది చెయ్యి." గంతే. ఐదు నిమిషాల పని అనుకున్న, చాయ్ కూడ చెప్పిన.

ఫస్టు సెర్చ్‌ల పెండ్లిపిల్ల పేరు తెలుగుల కొట్టిన. సున్న. ఎందుకంటే మేం కార్డులు కొట్టేది పాత ఫాంట్లల్ల, తెర మీద కండ్లకు తెలుగే కనిపిస్తది గని లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాలు, ఏవో గీతలు, యూనికోడ్‌ల, అంటే ఇప్పుడు ఫోన్లల్ల కొట్టే తెలుగుల వెతికితే దానికేం తెలుస్తది పాపం. సరే ఫైలు పేరుతోని చూద్దామంటే, డాస్ కాలంల పేరుకు ఎనిమిది అక్షరాలే, చుక్క అవతల మూడు, విండోస్ 95 వచ్చినంక 255 దాకా పెట్టుకోవచ్చు. అంత జాగ ఇస్తే నేను పెట్టిందేంది? ఫైనల్. ఫైనల్ 2. ఫైనల్ ఓకే. ప్రింట్ కరెక్షన్ లాస్ట్. ఇట్ల నలభై పైన ఉన్నయ్, అన్నీ ఫైనలే.

ట్యాగుల సంగతి అడగకు. ఒక ఎండకాలం గిరాకి లేనప్పుడు కూసోని ఫొటోలకు ట్యాగులు పెట్టిన, ఒకనాడు పెండ్లి అని, ఒకనాడు పెళ్లి, ఒకనాడు లగ్గం, ఇంగ్లీషు మూడ్ వచ్చిననాడు మ్యారేజ్. నాలుగు పేర్లతోని వెతకాలె ఇప్పుడు. పీడీఎఫ్‌లకైతే ట్యాగు రాసుకునే గడినే లేదు నా సిస్టంల. ఊరి పేరు మీద పెట్టిన ఫోల్డర్లన్న పనికొస్తయేమో అంటే అవి వరంగల్ అర్బన్ అని ఉన్నయ్, 2021ల జిల్లా పేరు హన్మకొండ అయ్యింది, నాకు కొత్త పేరు నోటికెక్కింది, ఫోల్డర్‌కు ఎక్కలే.

ఇగ పెద్దాయన్నే అడిగిన, ఏ యేడు బాపూ అని. యేడు యాదికి లేదన్నడు. "కాలనీలు మునిగినయ్ సూడు, గా యేడే, రెండు శ్రావణాలొచ్చినయ్, రెండో శ్రావణంల చేసినం" అన్నడు. నా ఇరవై వేల ఫైళ్లకు ఇంతకంటే మంచి ట్యాగు ఎవ్వడు పెట్టిండు చెప్పు! మునిగింది 2023 జులై ఆఖర్ల, అధిక శ్రావణం ఆగస్టు 16 దాకా, అంటే ముహూర్తాలు ఆ తర్వాతనే. హార్డ్ డిస్క్ మార్చినప్పుడు క్రియేటెడ్ తారీఖులన్నీ కాపీ చేసిననాటివైపోయినయ్ గని మాడిఫైడ్ తారీఖు మాత్రం చెక్కుచెదరలే. ఆగస్టు 2023 అని ఫిల్టర్ పెడితే పన్నెండు ఫైళ్లు మిగిలినయ్. ఏడోది, నీ లోపల, న్యూ ఫోల్డర్‌ల, దాని లోపల 'ఇది ఉంచు' అనే ఫోల్డర్‌ల. పేరు: అన్‌టైటిల్డ్.

ఖుషీల డబుల్ క్లిక్ కొట్టిన. తెరిస్తే పెండ్లిపిల్ల పేరు ఉండాల్సిన కాడ బ్రాకెట్లు, డాలర్ గుర్తు, తలకిందుల ప్రశ్నార్థకం. కొత్త సిస్టంల ఆ ఫాంటే లేదు.

పెద్దాయన కండ్లద్దాలు పెట్టుకోని దగ్గరికొచ్చి చూసిండు. "ఇది ఏ భాష తమ్మీ?" అనుకుంట లేసి పోయి బండి డిక్కీల నుంచి ప్లాస్టిక్ కవర్ తెచ్చిండు, దాంట్ల కార్డు, పసుపు మరక సుత పోలే. "నా దగ్గరున్నది గదా, నువ్వు అడగలే."

ముందటేస్కోని మొదటి నుంచి కొట్టిన, గంటన్నర.

ఇట్లు,
ఫైనల్ ఓకే 3