నింద వైరుకు, నేరం స్క్రూ కింద

అగ్నిప్రమాదం వార్త ఏది చదివినా చివరి వాక్యం ముందే తెలిసిపోతుంది: ‘షార్ట్ సర్క్యూటే కారణమని ప్రాథమికంగా నిర్ధారించారు.’ దాంతో ఇల్లు కట్టుకునేవాళ్లు దుకాణానికెళ్లి వైర్లలో ఎఫ్‌ఆర్ రకం తీసుకోవాలా, ఎఫ్‌ఆర్‌ఎల్‌ఎస్ రకం తీసుకోవాలా, హాలోజెన్ లేనిది తీసుకోవాలా అని ఆరా తీస్తారు. వెతకాల్సిన చోటు అది కాదు. ఐఎస్ఐ గుర్తున్న రాగి వైరు, లోడుకు తగ్గ సైజుదైతే, పైపు నడిమధ్యలో తనంతట తాను అంటుకోవడం అరుదు. అంటుకునేది కొసన. స్విచ్ వెనక స్క్రూ కింద, ఎంసీబీ (కరెంటు మితిమీరితే తానే ఆగిపోయే స్విచ్) నోట్లో, జంక్షన్ బాక్సులో నల్లటేపు చుట్టిన మెలి దగ్గర.

వైరు రకాల గురించి చెప్పుకోవాల్సింది కొంచెమే. లైట్లు, ఫ్యాన్లకు 1.5 చదరపు మిల్లీమీటర్లు, ప్లగ్ పాయింట్లకు 2.5, గీజర్, ఏసీలకు 4. మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల వరకు ఓర్చుకుంటుంది. ఎఫ్‌ఆర్ అంటే మంట తీగ వెంట పాకదు, ఎఫ్‌ఆర్‌ఎల్‌ఎస్ అయితే పొగ తక్కువ, హాలోజెన్ లేనిదైతే ఆ పొగలో ఆమ్ల వాయువులు దాదాపు ఉండవు. మంచివే, కొనండి. కానీ ఈ గుణాలన్నీ మంట పుట్టాక పనికొచ్చేవి. మంట పుట్టకుండా ఆపే గుణం వైరు చుట్టతో రాదు. అది వైరు బిగించే చేతిలో ఉంటుంది.

లెక్క చూడండి. వదులైన ఒక కనెక్షన్ దగ్గర 0.1 ఓమ్ నిరోధం ఉందనుకుందాం. ఫ్యాను, ట్యూబ్‌లైటు కలిసి 100 వాట్లు వాడితే అక్కడ పుట్టే వేడి వాట్‌లో యాభయ్యో వంతు కూడా ఉండదు. అదే చోట 3,000 వాట్ల గీజర్ పెడితే 13 ఆంపియర్లు పారి, 17 వాట్ల వేడి పుడుతుంది. కరెంటు 30 రెట్లు, వేడి 900 రెట్లు. చిన్న సోల్డరింగ్ ఐరన్ మొనను గోడలోని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత వేసినట్టు! వేడికి రాగి మీద ఆక్సైడ్ పొర కడుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది.

ఇదంతా జరుగుతుంటే ఎంసీబీ నిమ్మకు నీరెత్తినట్టు ఉంటుంది. లూజ్ కాంటాక్ట్ వల్ల కరెంటు పెరగదు సరికదా, వెంట్రుకవాసి తగ్గుతుంది. కరెంటు భూమిలోకి పోవడం లేదు కాబట్టి, అలాంటి లీకేజీని పట్టే ఆర్‌సీసీబీ స్విచ్ కూడా కదలదు. చివరికి తొడుగు కరిగి ఫేజ్, న్యూట్రల్ తాకినప్పుడు గానీ ట్రిప్ అవదు. అప్పుడు దొరికేదే మన ‘షార్ట్ సర్క్యూట్’. చావుకు కారణం రాయమంటే గుండె ఆగిపోయిందని రాయడం లాంటిదే ఇదీ.

అమెరికాలో పాత ఇళ్లు కొనే మనవాళ్లకు ఇది బాగా తెలియాలి. 1972కు ముందు తయారైన అల్యూమినియం వైర్లున్న ఇళ్లలో, రాగి వైర్లున్న ఇళ్లకంటే, కనెక్షన్లు నిప్పు పుట్టే స్థితికి చేరే అవకాశం 55 రెట్లు ఎక్కువని అక్కడి వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ చెబుతోంది. గమనించండి, కనెక్షన్లు! మన దగ్గరా స్తంభం నుంచి వచ్చే సర్వీస్ వైరు చాలాచోట్ల అల్యూమినియమే. దాన్ని, రెండు లోహాలను కలిపే బైమెటల్ లగ్ లేకుండా నేరుగా రాగికి మెలేసి మీటరు దగ్గర వదిలేస్తున్నారు.

‘ముప్పై ఏళ్లుగా మెలేసి టేపు చుడుతున్నాం, ఏమైంది?’ అంటారు పాత మేస్త్రీలు. నిజమే, ఏమీ కాలేదు. ఆ ముడుల మీద అప్పుడున్నది ఫ్యాను, బల్బు. ఇప్పుడు ఇండక్షన్ స్టవ్, గీజర్, రెండు ఏసీలు. ముడి మాత్రం పాతదే. పైగా ఎండాకాలం స్లాబు వేడికి టేపు జిగురు కారి ఊడిపోతుంది.

కమిలిన గీజర్ బోర్డును విప్పి చూస్తే కథంతా అక్కడే కనిపిస్తుంది. ప్లేటు ఒక మూల పసుపెక్కి ఉంటుంది, ఎర్ర వైరు చివర రెండంగుళాలు గోధుమ రంగులోకి తిరిగి పెళుసుబారి ఉంటుంది. కారణాలు మూడో నాలుగో. ఉదాహరణకు ప్లగ్ పాయింట్లకు వేసే 2.5 వైరులో 0.3 మిల్లీమీటర్ల పోగులు 36 ఉంటాయి. రంధ్రంలో పట్టలేదని పది కోసేస్తే అక్కడ మిగిలింది 2 చదరపు మిల్లీమీటర్ల కంటే తక్కువ. లేదా తొడుగు కూడా స్క్రూ కిందికి వెళ్లి, బిగువంతా ప్లాస్టిక్ మీదే పడింది. ఒకే రంధ్రంలో లావు వైరు, సన్న వైరు కలిపి దూర్చితే లావుదే బిగుస్తుంది, సన్నది ఊగుతుంది. ఎంసీబీలో అయితే వైరు క్లాంపు లోపలికి కాక వెనక్కి జారుతుంది. స్క్రూ గట్టిగానే బిగిసినట్టుంటుంది, పట్టేదేమీ ఉండదు.

మందు ఖరీదైనది కాదు. పోగులు తెగకుండా టెర్మినల్ లోతుకు సరిపడా, సుమారు 10–12 మిల్లీమీటర్లు తొడుగు ఒలవాలి, సరిపోయే సైజు ఫెరూల్ (పోగులన్నిటినీ కలిపి పట్టే చిన్న లోహపు గొట్టం) తొడిగి, దాన్ని నొక్కడానికే ఉండే క్రింపింగ్ టూల్‌తో నొక్కాలి. కటింగ్ ప్లేయర్‌తో నొక్కితే నొక్కినట్టు కాదు. కొసకు సీసం పూయడం కూడా వద్దు, స్క్రూ ఒత్తిడికి అది మెల్లగా చదునై వదులవుతుంది. చిన్న ఎంసీబీ స్క్రూకు సాధారణంగా 2 న్యూటన్ మీటర్లు, ఆపైన బిగువు కావాలి. తయారీదారు ఇచ్చిన అంకె చూసుకోవాలి. జాయింటు తప్పదంటే మూత తెరవగల బాక్సులోనే, మీట నొక్కితే వైరును పట్టే లీవర్ కనెక్టర్‌తో. పైపులోపల ముడి వేయకూడదు.

మరి ఎందుకు చేయరు? మన ఇళ్లలో కరెంటు పని కూలి పాయింటు లెక్కన. ఎన్ని పాయింట్లు వెలిగితే అంత డబ్బు. ఫెరూల్ తొడగడానికి పట్టే రెండు నిమిషాలకు పైసా రాదు, తొడగకపోయినా బల్బు వెలుగుతుంది. లైసెన్సున్న కాంట్రాక్టరే చేయాలని నిబంధన ఉంది. కాగితం మీద సంతకం ఒకరిది, గోడ మీద చెయ్యి ఇంకొకరిది. టైల్స్ గీత వంకరపోతే నిలదీసే యజమాని, బోర్డు వెనక చూసే ప్రయత్నమే చేయడు. బిల్డర్ చూపించే బ్రోషర్‌లో వైరు బ్రాండు పేరుంటుంది, దాని కొసను ఎవరు ఎలా బిగించారన్న మాట ఉండదు.

కాబట్టి ఒప్పందంలో పాయింటు ధరతో పాటు ఫెరూల్, క్రింపింగ్ కూలి విడిగా రాయించండి. చివరి వాయిదా డబ్బు ఇచ్చేముందు మెయిన్ ఆపించి, కరెంటు లేదని టెస్టర్‌తో చూపించమని, ఆ తర్వాత గీజర్, ఏసీ బోర్డుల మూతలు, ఎంసీబీలుండే డీబీ పెట్టె మూత విప్పించండి. ఒక్కో వైరునూ పట్టుకుని గట్టిగా లాగమనండి. ఊడి చేతికొచ్చిన ప్రతి వైరుకూ, ఆ వరసలోని కనెక్షన్లన్నీ మళ్లీ బిగించాకే డబ్బు.