రీస్టోర్ అడిగేవాళ్లతోనే అసలు సమస్య

వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడూ కలిపి చూస్తే సర్వర్ ఉన్న ప్రతి ఆఫీసులోనూ బ్యాకప్, అంటే డేటాకు దాచిపెట్టిన కాపీ, ఉంది. ఆసుపత్రిలో ఉంది, అడ్తి దుకాణంలో ఉంది, చిట్టీల ఆఫీసులో ఉంది, ఇంటర్ కాలేజీలో ఫీజులు కట్టించుకునే గదిలో కూడా ఉంది. రాత్రి రెండింటికి, టైముకు పనులు నడిపే క్రాన్ అనే ప్రోగ్రాం లేస్తుంది, తన పని తాను చేసుకుంటుంది, పొద్దున్నే సక్సెస్ అని మెయిల్ పంపుతుంది. ఇంత టైము తప్పని పద్ధతి మన నల్లా నీళ్లకు కూడా లేదు. అయినా ఈ మధ్య మడికొండ ఐటీ పార్కు వైపు తిరిగివచ్చిన కుర్రాళ్లు కొందరు ఒక పాడు ప్రశ్న నేర్చుకొచ్చారు. "రీస్టోర్ చేసి చూశారా సార్?" అని, అంటే ఆ కాపీ నుంచి ఫైళ్లు తిరిగి తెచ్చి చూశారా అని అడుగుతున్నారు. పచ్చని ఆఫీసుల్లో చిచ్చు పెట్టే ఈ ప్రశ్నను మొగ్గలోనే తుంచకపోతే రేపు మెయిల్‌లో వచ్చిన సక్సెస్‌ను కూడా ఎవరూ నమ్మరు.

యునిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లో బ్యాకప్ తీసే డంప్ అనే ప్రోగ్రాం ఉంది. 1975లో వచ్చిన ఆరో ఎడిషన్‌లోనే ఉంది. మన కాకతీయ యూనివర్సిటీ పెట్టింది 1976లో, అంటే డంప్ దానికంటే పెద్దది. పెద్దలను అనుమానించడం మన ఇళ్లలో నేర్పలేదు. కానీ కుర్రాళ్లు అంటారు, నడుస్తున్న ఫైల్‌సిస్టమ్ మీద, అంటే వాడకంలో ఉన్న డిస్క్‌లోని ఫైళ్ల అమరిక మీద, డంప్ తీస్తే నమ్మడానికి లేదని. ఎందుకు లేదో వాళ్ల మాటల్లో కాకుండా నా మాటల్లో చెబుతాను, న్యాయంగా ఉంటుంది.

మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ యార్డు తీసుకోండి. యార్డులో ఉన్న ప్రతి రాశి వివరం రాసుకురమ్మని ఒక గుమాస్తాను పంపారు. షరతు ఒక్కటే, యార్డు ఆపకూడదు. గుమాస్తా మొదటి చుట్టులో ఏయే స్థలాల్లో సరుకు ఉందో నంబర్లు వేసుకున్నాడు. రెండో చుట్టులో ఏ నంబరు ఏ అడ్తి కిందికి వస్తుందో చూసుకున్నాడు. మూడో చుట్టులో రైతుల పేర్ల పట్టీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. నాలుగో చుట్టులో ఆ పట్టీ పట్టుకుని ఒక్కో స్థలానికి పోయి సరుకు చూస్తున్నాడు. ఈలోపు యార్డు ఊరుకుంటుందా? దడ్వాయిలు కాంటా వేస్తూనే ఉన్నారు, హమాలీలు బస్తాలు ఎత్తుతూనే ఉన్నారు. పరకాల రైతు రాశి అమ్ముడుపోయి లారీ ఎక్కింది. అదే జాగలో భూపాలపల్లి రైతు సరుకు దింపాడు. గుమాస్తాకు తెలిసింది జాగ నంబరే కాబట్టి పరకాల రైతు పేరు కింద భూపాలపల్లి మిర్చి రాసుకున్నాడు. ఇంకొక జాగకు పోతే అక్కడ ఊడ్చిన నేల ఉంది.

డంప్ కూడా ఇలాగే నాలుగు విడతల్లో నడుస్తుంది. మొదటి రెండు విడతల్లో ఏ ఐనోడ్‌లు, అంటే ఏ నంబరు ఫైళ్లు, తీసుకోవాలో గుర్తు పెట్టుకుంటుంది, మూడో విడతలో డైరెక్టరీలు, అంటే పేర్లు రాస్తుంది, నాలుగో విడతలో ఫైళ్లలోని అసలు సరుకు రాస్తుంది. అదీ ఫైల్‌సిస్టమ్‌ను మర్యాదగా అడిగి కాదు, డిస్క్ మీది బ్లాకులను నేరుగా తానే చదువుకుని. మధ్యలో ఒక ఫైలు పోయి దాని ఐనోడ్ నంబరు మరో ఫైలుకు దక్కిందంటే పాత పేరు కింద కొత్త సరుకు చేరుతుంది. ఇంకా మెమరీలోనే ఉండి డిస్క్‌కు చేరని రాతలు దాని కంట పడనే పడవు. రీస్టోర్ రోజు ఫలానా నంబరు ఫైలు రావాలి, ఇంకో నంబరు వచ్చింది అని గొణిగేది ఇందువల్లే.

దీనికి మన నిపుణులు ఎప్పుడో విరుగుడు కనిపెట్టారు. బ్యాకప్‌లో ఏముందో జాబితా మాత్రం చూపించమని రీస్టోర్‌ను అడుగుతారు. పేర్లు ముందే రాసి ఉన్నాయి కదా, గడగడా వచ్చేస్తాయి. వెనకాల సరుకు సగంలో తెగిపోయినా పేర్ల పట్టీకి ఏ లోటూ ఉండదు. "చూడండి సార్, అన్నీ ఉన్నయ్" అని స్క్రీన్ తిప్పి చూపిస్తే ఏ మేనేజరైనా చాయ్ తెప్పించాల్సిందే.

ఫైళ్లన్నిటినీ ఒక మూటగా కట్టే టార్ అనే ప్రోగ్రాం వాడేవాళ్లది ఇంకో బాధ. అది నోరు మూసుకోదు. చదువుతుండగా ఫైలు మారిందని చెబుతుంది. జీఎన్‌యూ టార్ అయితే, ఫైలు మధ్యలో చిన్నదైపోతే ఆ లోటును సున్నాలతో పూడ్చి, ఇన్ని బైట్లు తగ్గాయి, సున్నాలు నింపాను అని రాతపూర్వకంగా ఒప్పుకుంటుంది. ఇంత నిజాయితీగా లోటు పూడ్చే గుత్తేదారును నేను చూడలేదు. కానీ పొద్దున్నే ఇలాంటివి చదివితే ఆఫీసులో అందరికీ టెన్షన్. అందుకే బాధ్యత గలవాళ్లు ఆ సందేశాలన్నిటినీ, ఏది వేసినా మాయమయ్యే డెవ్ నల్‌కు పంపించేస్తారు. అక్కడ ఎంత పంపినా నిండదు.

అయితే మన ప్రాంతంలో బ్యాకప్ కళ శిఖరానికి చేరింది పైపు దగ్గర. టార్‌ను ఫైళ్లు కుదించే జీజిప్‌లోకి పైపు పెడతారు, అంటే టార్ ఇచ్చినది నేరుగా జీజిప్‌కు అందుతుంది. కమాండ్లు నడిపే షెల్ నియమం ప్రకారం మొత్తం వరుస గెలిచిందా ఓడిందా అనేది చివరివాడు చెప్పినదే. టార్ మొదటి అడుగులోనే కూలిపోయినా జీజిప్‌కు సంబంధం లేదు. తనకు అందిన శూన్యాన్ని శ్రద్ధగా కుదించి, పని పూర్తయిందని సున్నా కోడ్ ఇచ్చి బయటపడుతుంది. అలా శూన్యాన్ని కుదిస్తే వచ్చే ఫైలు సైజు 20 బైట్లు. కుదించగా పెరిగిన వస్తువు ప్రపంచంలో ఇదొక్కటే అయి ఉండాలి. రోజుకొకటి చొప్పున తేదీలు వేసుకుని, వరుసగా, ఒకే సైజులో ఫోల్డర్ నిండా ఉంటాయి. ఇంత స్థిరత్వం ఉన్న డేటాను అనుమానించడం ఏం న్యాయం? బాష్ అనే షెల్‌లో పైప్‌ఫెయిల్ అని ఒక సెట్టింగ్ ఉంది. అది పెడితే మధ్యలో ఎవడు పడిపోయినా గుట్టు రట్టవుతుంది. స్క్రిప్టు మొదట్లో ఆ ఒక్క లైను రాస్తే చాలట. అందుకే ఎవరూ రాయరు.

బయటి డిస్క్ విషయానికి వద్దాం. బ్యాకప్ కోసం యూఎస్‌బీ డిస్క్ కొంటారు, ఒక ఫోల్డర్ మీద మౌంట్ చేస్తారు, అంటే ఆ ఫోల్డర్‌లో రాసింది ఆ డిస్క్‌కు చేరేలా తగిలిస్తారు. కరెంటు పోయి వచ్చినప్పుడు డిస్క్ మౌంట్ కాలేదనుకోండి, ఫోల్డర్ మాత్రం అక్కడే ఉంటుంది. స్క్రిప్టుకు ఫోల్డర్ చాలు. ఏ డిస్క్‌ను కాపాడాలో ఆ డిస్క్ మీదే బ్యాకప్ రాస్తుంది. కొన్నాళ్లకు రూట్, అంటే సర్వర్ సొంత డిస్క్, నిండి బిల్లింగ్ ఆగిపోతుంది, అప్పుడు ఎవరో ఒకరు పాత లాగ్‌లు తుడిచి మళ్లీ నడిపిస్తారు. చివరికి ఆ డిస్క్ పోయినరోజు అసలూ కాపీ కలిసే పోతాయి, ఒకదాని కోసం ఒకటి ఏడ్చే అవసరం రాదు.

ఈ విషయాల్లో పాశ్చాత్యులు మనకంటే ముందే చాదస్తానికి పోయారు. 1991లో సిస్టమ్ అడ్మిన్‌ల లిసా సదస్సులో ఎలిజబెత్ జ్వికీ అనే ఆవిడ బ్యాకప్ ప్రోగ్రాంలను చిత్రహింసలు పెట్టి చూశారు. మధ్యలో ఖాళీలున్న ఫైళ్లు, పొడవాటి పేర్లు, పేర్లలో వింత అక్షరాలు, తీస్తుండగానే మారిపోయే ఫైళ్లు ఇచ్చి ఏది నిలబడుతుందో పరీక్షించారు. చాలావరకు ఎక్కడో ఒకచోట తడబడ్డాయి, డంప్ మెరుగ్గా నిలబడింది. మనకు కావలసిన వాక్యం అదే కాబట్టి అక్కడితో చదవడం ఆపేద్దాం. పదేళ్ల తర్వాత, 2001లో, లైనస్ టోర్వాల్డ్స్ యునిక్స్ తరహా లినక్స్ 2.4 వెర్షన్‌లో డంప్‌ను నమ్ముకోవద్దని చెప్పాడన్నది పట్టించుకోవద్దు. లినక్స్ తయారు చేసినంత మాత్రాన లినక్స్ గురించి మాట్లాడవచ్చా?

మరి మార్గం లేదా అంటే, స్నాప్‌షాట్ ఉందంటారు. ఒక క్షణం దగ్గర ఫైల్‌సిస్టమ్ ఎలా ఉందో అలా పట్టి ఉంచి, బ్యాకప్‌ను దాని మీద నుంచి తీసుకోవడం. యార్డు యార్డులాగే నడుస్తుంది, గుమాస్తాకు మాత్రం ఆ క్షణం నాటి యార్డే కనిపిస్తుంది. యునిక్స్ వంశానికే చెందిన ఫ్రీబీఎస్‌డీలో డంప్‌కు ఎల్ అనే ఒక్క అక్షరం కలిపితే ఇది జరిగిపోతుంది. అయితే 2012లో వచ్చిన 9.0 నుంచి దాని ఇన్‌స్టాలర్ జర్నల్‌తో కూడిన సాఫ్ట్ అప్‌డేట్స్‌ను, అంటే కరెంటు పోయినా ఫైల్‌సిస్టమ్‌ను త్వరగా సర్దే పద్ధతిని, తానే పెట్టేది. ఆ జర్నల్ ఉన్నచోట స్నాప్‌షాట్ కుదిరేది కాదు. రెండింటికీ రాజీ కుదిరింది 2023లో, 13.2 వచ్చాక. ఆ పదకొండేళ్లలో ఎల్ తీసేసి డంప్ చేసుకున్నవాళ్లు చాలామంది. వాళ్లకు ఏమైంది? ఏమీ కాలేదు. రీస్టోర్ చేయనంతవరకు ఎవరికీ ఏమీ కాదని నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే.

లినక్స్‌లో డిస్క్ చోటును పంచే ఎల్‌వీఎం తీసే స్నాప్‌షాట్‌కు కేటాయించిన చోటు మధ్యలో నిండిపోతే ఆ స్నాప్‌షాట్ చెల్లకుండా పోతుంది. డేటాబేస్ అయితే స్నాప్‌షాట్ కూడా కరెంటు పోయిన క్షణం లాంటిదే, మళ్లీ లేచేటప్పుడు లాగ్, అంటే తన మార్పుల చిట్టా, చూసుకుని సర్దుకోవాలి. ఆ లాగ్ ఒక డిస్క్‌లో, డేటా ఇంకో డిస్క్‌లో ఉండి రెండు స్నాప్‌షాట్‌లు వేర్వేరు క్షణాల్లో తీశారంటే సర్దుకోవడం కూడా ఉండదు. అందుకే డేటాబేస్ సొంత పద్ధతిలో వేరే డంప్ తీయాలంటారు. ఒక బ్యాకప్ సరిపోక రెండోదట.

2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ కంపెనీలో ఏం జరిగిందో కుర్రాళ్లు పదేపదే చెబుతుంటారు. ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీనే తుడిచేశాడు. చూస్తే బ్యాకప్‌కు అయిదు పద్ధతులున్నాయి, ఏదీ ఆశించినట్టు పనిచేయలేదు. రోజువారీ డంప్ తీసే ప్రోగ్రాం డేటాబేస్ కంటే పాత వెర్షన్ కావడంతో రోజూ విఫలమవుతోంది. విఫలమైందని వచ్చే మెయిళ్లను మెయిల్ సర్వరే తిప్పికొడుతోంది. ఆరు గంటల కిందట అనుకోకుండా తీసిన ఒక స్నాప్‌షాట్ వాళ్లను కాపాడింది. ఇందులో నాకు నచ్చిన భాగం ఆ మెయిళ్లు రాకపోవడం. అంతకాలం ఎంత ప్రశాంతంగా నిద్రపోయి ఉంటారో!

మన దగ్గర రీస్టోర్ రోజు ఫోన్ సంభాషణ ఎక్కడైనా ఒకేలా ఉంటుంది.

"తమ్మీ, బ్యాకప్ ఉన్నదంటివి గదా?"

"ఉన్నది సార్, ఎటు పోతది?"

"మరి రిపోర్టులు తెరుచుకుంటలేవు."

"బ్యాకప్ ఉన్నదా అంటే ఉన్నదన్న సార్. తెరుచుకునుడు మన ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టుల లేదు."

"ఎప్పటికల్ల అయితది మరి?"

ఇక్కడ కస్టమర్లకు ఓపిక లేకపోవడం బాధాకరం. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006 ప్రాంతంలో విప్పారు, 2024 మార్చిలో మళ్లీ తెరిచారు. రీస్టోర్ అంటే అదీ. విప్పేముందు రాయి రాయికీ నంబరు వేశారనీ, విప్పుతుండగా లోపల పెళ్లిళ్లు జరగనివ్వలేదనీ కొందరు గుర్తుచేస్తుంటారు. ఆ సాకుతో ఖాళీ మెషిన్ ఒకటి తెచ్చి నిన్నటి బ్యాకప్ దాని మీద దింపాలనీ, ఫైళ్లు మారాయో లేదో తేల్చే చెక్‌సమ్‌లు పోల్చాలనీ, డేటాబేస్ లేపి నిన్న సాయంత్రం చివరి బిల్లు నంబరు కనిపిస్తుందో లేదో చూడాలనీ అంటారు. నెలకొక మధ్యాహ్నం పనట. నెలకొక మధ్యాహ్నం ఎక్కడినుంచి తెస్తారో మాత్రం చెప్పరు.

కాబట్టి జిల్లా యంత్రాంగం వెంటనే ఒక ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాను. ఏటా మార్చి 31న వచ్చే ప్రపంచ బ్యాకప్ దినాన్ని అశోక జంక్షన్‌లో ఫ్లెక్సీ కట్టి, సర్వర్‌కు దండ వేసి ఘనంగా జరపాలి. రీస్టోర్‌ను పూర్తిగా నిషేధించడం ప్రజాస్వామ్యంలో కుదరదు కాబట్టి దానికి దరఖాస్తు పద్ధతి పెట్టాలి. దరఖాస్తు మూడు ప్రతుల్లో ఉండాలి, సాయంత్రం అయిదు లోపు అందాలి. ఫైలు పేరు, పూర్తి పాత్, చివరిసారి మారిన సమయం సెకన్లతో సహా రాయాలి. గెజిటెడ్ అధికారి సంతకంతో, పోయిన ఫైలు జిరాక్స్ ఒకటి జతచేయాలి.