గ్లైడర్ అంటే ఇంజిన్ లేని చెక్కపెట్టె కాదు

టాయ్ సోల్జర్స్ సేకరించేవాళ్ల మధ్య ఒక మాట తెగ షేర్ అవుతోంది. "రెండో ప్రపంచ యుద్ధపు గ్లైడర్ అంటే ఇంజిన్ లేని చెక్కపెట్టె. ఎక్కడ పడుతుందో తెలీదు, పడ్డాక పనికిరాదు. ఏదో ఒక రవాణా విమానం బొమ్మకి ప్రొపెల్లర్లు పీకేసి, నలుపు తెలుపు చారలు వేసి, పక్కన ఎన్ని బొమ్మలు నిలబెట్టినా చెల్లుతుంది" అని.

చెల్లదు. ఒక్కొక్కటే చూద్దాం.

చెక్కపెట్టె అన్నారు. బ్రిటిష్ గ్లైడర్ హోర్సా వరకు సరే, అది చెక్కదే. కానీ అమెరికన్ గ్లైడర్ వాకో సీజీ-4ఏ శరీరం ఉక్కు గొట్టాల చట్రం, దాని మీద గుడ్డ. అంటే వాకో మోడల్ పక్కలకి చెక్క గీతలు గీస్తే తప్పే. పైగా దాని ముక్కు పైలట్ల సీట్లతో సహా పైకి లేస్తుంది, లోపలి జీపు నేరుగా బయటికొస్తుంది. పక్క తలుపున్న డకోటా రవాణా విమానానికి ప్రొపెల్లర్లు పీకినంత మాత్రాన ఇది ఎలా వస్తుంది?

ఎక్కడ పడుతుందో తెలీదన్నది సగం నిజం. 1943 జులైలో సిసిలీ దాడిలో బలమైన గాలికి తోడు గ్లైడర్లని తాడుతో లాక్కొచ్చే విమానాలు వాటిని తీరానికి దూరంగానే వదిలేయడంతో, 144 గ్లైడర్లలో దాదాపు సగం సముద్రంలో పడ్డాయి, రెండు వందల మందికి పైగా మునిగిపోయారు. ఆ ఘోరాన్ని ఎవరూ తక్కువ చేయకూడదు. అయితే 1944 జూన్ 6న, అర్ధరాత్రి దాటిన కాసేపటికే, బ్రిటిష్ మేజర్ జాన్ హోవర్డ్ మనుషులతో మూడు హోర్సాలు ఫ్రాన్స్‌లోని నార్మండీలో కాలువ వంతెన పక్కనే దిగాయి. మొదటిది వంతెనకి యాభై మీటర్ల లోపే ఆగింది. చీకట్లో, ఇంజిన్ లేకుండా! ఆ పైలట్ల పనిని "ఎక్కడో పడటం" అనడం అన్యాయం.

పడ్డాక పనికిరాదా? చాలావాటి గతి అదే, ఒప్పుకుంటాను. అయినా 1945 మార్చిలో జర్మనీలోని రెమాగెన్ దగ్గర నేల మీదున్న వాకోలని ఎగిరే విమానం కొక్కెంతో లాక్కెళ్లి గాయపడ్డవాళ్లని తరలించింది. అంతకు ఏడాది ముందు అస్సాంలోని లాలాఘాట్ నుంచి బర్మాలోకి వెళ్లిన వాకోలు "బ్రాడ్‌వే" అనే మైదానంలో దుంగలకీ గుంటలకీ తగిలి చాలా విరిగాయి. కానీ వాటిలో వచ్చిన బుల్డోజర్‌తో మర్నాటికల్లా రన్‌వే తయారై డకోటాలు దిగాయి.

చారల సంగతి. అవి 1944 జూన్‌లో నార్మండీ కోసం వేసినవి. సిసిలీ, బ్రాడ్‌వే గ్లైడర్లకి వేయకండి.

ఇక సైజు. 54 మి.మీ. ఎత్తున్న సైనికుడి బొమ్మకి సుమారు 1/32 స్కేల్ (అంటే అసలుదానిలో 32వ వంతు) కావాలి, ఆ స్కేల్‌లో వాకో రెక్కల వెడల్పు 80 సెం.మీ. ఇల్లు పట్టదని 1/72 కిట్ పక్కన అదే బొమ్మని పెడితే అతను దాదాపు 13 అడుగుల మనిషైపోతాడు! ఎంతమందైనా అన్న మాట కూడా కుదరదు. వాకోలో పైలట్లు కాక 13 మంది పడతారు, జీపు ఎక్కిస్తే ఆ సంఖ్య బాగా తగ్గుతుంది.

చోటు లేకపోతే రెక్కలు లేకుండా ముక్కు లేపిన వాకో శరీరం ఒక్కటే చేయండి. లేదా హోర్సా చేయండి, దాని తోక భాగాన్ని విడదీసి జీపు దించేవాళ్లు కాబట్టి, తోక పక్కన పెట్టి రెండు వాలుబల్లలు వేస్తే చాలు.