సవరణ: నొక్కాల్సింది రిఫ్రెష్ కాదు

ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ అప్‌డేట్ తర్వాత పేజీలు సగంలో ఆగిపోతుంటే "ఫైర్‌ఫాక్స్‌లో రిఫ్రెష్ కొట్టండి, యాడ్-ఆన్‌లు కాసేపు ఆగుతాయంతే, ఏమీ పోదు" అని మొన్న రాశాను. అది తప్పు. ఈ రిఫ్రెష్ (పేజీని మళ్లీ లోడ్ చేసేది కాదు, ఫైర్‌ఫాక్స్‌నే కొత్తదానిలా మార్చేది) యాడ్-ఆన్‌లను, అంటే బ్రౌజర్‌కు మనం చేర్చుకునే చిన్న ప్రోగ్రాములను, ఆపదు, సెట్టింగులతో సహా తీసేస్తుంది. బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు మాత్రం ఉంటాయి. ఫైర్‌ఫాక్స్ సహాయ పేజీల్లో ఇది స్పష్టంగానే ఉంది, చూడకుండా రాసింది నేనే.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా బాబాయి నా మాట నమ్మి కొట్టేశారు. ప్రకటనలు ఆపడానికి ఏళ్లుగా ఒక్కొక్కటీ చేర్చుకున్న లిస్టు కనిపించలేదు. "ఏమీ పోదన్నావు కదరా?" అని పొద్దున్నే ఫోన్. డెస్క్‌టాప్ మీద ‘ఓల్డ్ ఫైర్‌ఫాక్స్ డేటా’ ఫోల్డర్ ఉంది, పాత ప్రొఫైల్ (మన సెట్టింగులు, డేటా ఉండేది) అందులోనే. మీరూ కొట్టేసి ఉంటే దాన్ని డిలీట్ చేయకండి.

కాసేపు ఆపేది ట్రబుల్‌షూట్ మోడ్, 2021కి ముందు సేఫ్ మోడ్ అనేవాళ్లు. మెనూలో హెల్ప్ కింద ఉంటుంది. అప్పుడు వచ్చే చిన్న విండోలో ఓపెన్, రిఫ్రెష్ రెండూ పక్కపక్కనే ఉంటాయి (చెయ్యి జారేది అక్కడే), ఓపెన్ నొక్కండి. ఈ మోడ్ హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌ను (పేజీలు చూపడానికి గ్రాఫిక్స్ చిప్‌ను వాడుకోవడం) కూడా ఆపుతుంది. కాబట్టి ఇందులో పేజీ బాగా వచ్చినా యాడ్-ఆన్‌దే తప్పని తేల్చేయకుండా, మామూలుగా తెరిచి, అన్నీ ఆపి, ఒక్కొక్కటే ఆన్ చేసి చూడండి.