నాణెం ఎగరేసిన ఊళ్లు

‘మా రైతులు ధైర్యం చెయ్యరండీ, కొత్తదాన్ని నమ్మరు.’ ఇటు పాలమూరులోనైనా అటు నల్లగొండలోనైనా ఏ సమీక్షకు వెళ్లినా వినపడే మాట ఇది. బ్యాంకు మేనేజరూ అంటాడు, విత్తనాల డీలరూ అంటాడు. ఒప్పుకోవాలి కాబట్టి చెబుతున్నాం, సంపాదకీయాల్లో మేమూ అన్నాం. ఈ మాట నిగ్గు తేల్చే పరీక్ష మన ఊళ్లలోనే జరిగి నలభై ఏళ్లు దాటింది.

పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పనిచేసిన ఆర్థికవేత్త హాన్స్ బిన్స్‌వాంగర్, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, దోకూరు, మహారాష్ట్రలోని మరికొన్ని పల్లెల జనంతో బొమ్మా బొరుసూ ఆడించారు. పైసలు సంస్థవి, గెలుచుకున్నది ఆడినవాళ్లది. ఒక పందెంలో ఏది పడ్డా 50 రూపాయలు ఖాయం. ఇంకోదాంట్లో ఒకవైపు పడితే 40, మరోవైపు పడితే 120. ఆఖరిదాంట్లో సున్నా, లేదంటే 200. కోరుకోవడం వాళ్లిష్టం. ఆ రోజుల్లో 50 అంటే కూలి మనిషికి ఎన్నో రోజుల రెక్కల కష్టం. ముందు ఇదే ఆటను అర్ధరూపాయి లెక్కన ఆడించినప్పుడు ఒక్కొక్కరు ఒక్కో తీరుగా పోయినవాళ్లు, 50 దగ్గరికొచ్చేసరికి దాదాపు అందరూ నడిమి పందేలకు జరిగారు. ఉన్నోడికీ లేనోడికీ చెప్పుకోదగ్గ తేడా లేదు! 1980లో అచ్చయిన ఫలితాల సారం ఇదే: పొలం దగ్గర కనపడే తేడా గుండె ధైర్యానిది కాదు, అప్పు పుట్టడం పుట్టకపోవడానిది.

2006లో ఇదే మహబూబ్‌నగర్ జిల్లాలో, వాన లోటును బట్టి పరిహారమిచ్చే బీమా మీద మరో ప్రయోగం జరిగింది. ఇంటికొచ్చి వివరం చెప్పినందుకు కాదు, విన్నందుకు రైతుకే కొంత పైకం ఇచ్చారు. కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ, అదీ లాటరీ తీసినట్టు. ఎక్కువ అందినవాళ్లే ఎక్కువగా బీమా కొన్నారు. ఊరికి తెలిసిన మనిషి ‘వీళ్లు మనోళ్లే’ అని చెప్పినచోటా కొనుగోళ్లు పెరిగాయి. అడ్డుపడ్డది మూఢత్వం కాదు, ఖాళీ జేబు, కుదరని నమ్మకం.

అంచనా తప్పడానికి చదువు అడ్డమేమీ కాదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీలు విశ్వవిద్యాలయ విద్యార్థుల ముందు 10 దగ్గరో 65 దగ్గరో మాత్రమే ఆగే చక్రం తిప్పి, ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతమని అడిగారు. 10 చూసినవాళ్లు 25 దగ్గర, 65 చూసినవాళ్లు 45 దగ్గర తేలారు. మొదట కనపడ్డ అంకె అంచనాను తనవైపు లాగేసింది. బత్తాయి తోటలోకి అడుగుపెడుతూనే దళారి ఓ రేటు ఎందుకు పారేస్తాడో నల్లగొండ రైతుకు ఈ చక్రం లేకుండానే తెలుసు. ‘రైతు భయస్తుడు’ అని మొదటి పోస్టింగులోనే విన్న అధికారికి మాత్రం ఆ చక్రం ఇంకా అక్కడే ఆగి ఉంది.

కేంద్రం పంటల బీమా పథకమైన ఫసల్ బీమా నుంచి తెలంగాణ 2020లో తప్పుకుంది. ఇకముందు ఏ పంట బీమా తెచ్చినా, జీవో కంటే ముందు ఓ పది ఊళ్లలో పరీక్షించాలి. సగం ఊళ్లలో విత్తనాలకు, ఎరువులకు చేతిలో పైసలు ఊడ్చుకుపోయే జూన్‌లో ప్రీమియం అడగండి. మిగతా సగంలో పత్తి పైసలు వచ్చిన జనవరిలో అడగండి. లెక్క వచ్చాక సమీక్ష పెట్టండి, మేమూ వస్తాం.