కొండ దాటించిన ఈఎఫ్-63 గారికి

అయ్యా ఈఎఫ్-63 గారూ,

మీ సర్వీసు రికార్డు చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. 1962లో మీలో తొలి కరెంటు రైలింజిన్ పుట్టి, మొత్తం 25 మంది అన్నదమ్ములై, 1997లో ఇంటికి పంపేదాకా మీరు డ్యూటీ చేసిందంతా జపాన్‌లోని యోకోకవా నుంచి కరుయిజవా వరకే. 11.2 కిలోమీటర్లు. పొద్దున ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. ట్రాన్స్‌ఫర్ అడిగిన దాఖలా లేదు. అడిగినా ఇచ్చేవారు కాదనుకోండి, ఆ ఒక్క కొండకోసమే 108 టన్నుల మనిషిని కొలతలు తీసి చేయించుకున్నారు. ఇంకెక్కడ పనికొస్తారు?

ఆ కొండ పేరు ఉసుయి కనుమ. వెయ్యి మీటర్లు పోయేసరికి రైలు 66.7 మీటర్లు పైకెక్కాలి, అంటే 15కి 1. ముంబై నుంచి హైదరాబాద్ రైల్లో వచ్చేవాళ్లకి కర్జత్ తెలుసు. అక్కడ బండి ఆగుతుంది, వెనక నుంచి నెట్టే బ్యాంకర్ ఇంజిన్లు తగిలిస్తారు, జనం గబగబా దిగి వడాపావ్ కొనుక్కుంటారు. ఆ భోర్ ఘాట్ ఎక్కుడు 37కి 1. మీ వాలు చూస్తే మా బ్యాంకర్లు అక్కడే చేతులెత్తేసి, ఆ రోజుకి సెలవు చీటీ రాసిస్తాయి.

మీకంటే ముందు ఆ కొండెక్కినవాళ్ల సంగతి కూడా తెలుసుకున్నాను. 1893లో లైను వేసినప్పుడు రెండు పట్టాల మధ్య పళ్ల పట్టా ఒకటి వేశారు. ఇంజిన్ కింద ఉన్న పళ్ల చక్రం దాన్ని పట్టుకుని పాక్కుంటూ ఎక్కేది. దారిలో 26 సొరంగాలు, బండేమో బొగ్గుది. లోపల పొగకి సిబ్బందికి ఊపిరాడక, 1912లోనే కరెంటు తీగ లాగాల్సి వచ్చింది. జపాన్ ప్రభుత్వ రైల్వేలో కరెంటు ఇంజిన్ అలా మొదట ఓ కొండ మీద మొదలైంది. అభివృద్ధి అనుకునేరు, దగ్గు తట్టుకోలేక. 1963లో మీరొచ్చాక ఆ పళ్లన్నీ పీకేశారు. ఇక ఉత్త చక్రాల పట్టు మీదే ఎక్కమన్నారు. మీరు కిక్కురుమనలేదు.

మిమ్మల్ని ఎప్పుడూ ఇద్దర్ని జంటగా కట్టి, పల్లం వైపే నిలబెట్టేవారు. ఎక్కేటప్పుడు వెనక నుంచి నెట్టాలి, దిగేటప్పుడు ముందుండి ఆపాలి. ఎక్కడైనా లంకె తెగితే పెట్టెలు జారిపోకుండా అడ్డుండేది మీరే. ఎక్కడానికి సుమారు 17 నిమిషాలు పడితే దిగడానికి 24. దిగడమే కష్టమని ఇంత స్పష్టంగా టైంటేబుల్లో అచ్చేసిన రైల్వే ఇంకోటుందా? మామూలు బ్రేకులు చాలక, పట్టాకి అతుక్కునే అయస్కాంతం బ్రేకు పెట్టారు. వేగం కొలవడానికే విడిగా ఓ బుల్లి చక్రం. అంత జాగ్రత్త పడినా 1975 అక్టోబరులో మీలో ఇద్దరు, ఈఎఫ్-62 అనే ఇంకో రకం ఇంజిన్లు రెండిటితో కలిసి, ఖాళీగా దిగుతూ అదుపు తప్పి పట్టాల మీంచి పడిపోయారు. ఆ కొండ ఎవరినీ చనువు తీసుకోనిచ్చేది కాదు.

ఇక మీ మొహం. కొండ వైపు ముక్కు మీద రెండు రకాల లంకెలు ఒకే కీలుకి తగిలించి ఉంటాయి. సరుకు పెట్టెలొస్తే ఇటు, పెట్టెల్లోనే మోటార్లున్న ప్యాసింజర్ సెట్ వస్తే అటు తిప్పుకోవడమే. చుట్టూ వేలాడే కేబుళ్లు చూస్తే పెళ్లి ఇంట్లో సీరియల్ సెట్లు పెట్టే కుర్రాడి భుజం గుర్తొస్తుంది. ఆ కేబుళ్లు పెట్టింది అలంకారానికి కాదు. 12 పెట్టెల ఎక్స్‌ప్రెస్ ఎక్కుతుంటే, దాని సొంత మోటార్లని కూడా వెనకున్న మీ క్యాబిన్‌లోంచే నడిపేవారు. ముందు కూర్చున్న డ్రైవర్ గారు సిగ్నల్ చూసి చెప్పడం వరకే. అయినా బోర్డు మీద పేరు ఎవరిది? ఆ ఎక్స్‌ప్రెస్‌లదే. అసమా. హకుసాన్. సొమ్మొకడిది సోకొకడిది. మా ఆఫీసుల్లో ఇది మామూలే, రైల్వేలో కూడా ఉందని తెలిసి కొంచెం ఊరటగా ఉంది. కనుమ షెర్పా అని రైలు పిచ్చోళ్లు ముద్దుపేరు పెట్టారులెండి. షెర్పాలకి దక్కే కీర్తి ఎంతో మీకు నేను చెప్పాలా?

అసలు అవమానం అన్నం కుండ దగ్గర జరిగింది. మిమ్మల్ని తగిలించడానికి యోకోకవాలో ప్రతి బండీ కాసేపు ఆగాలి కదా, ఆ కాసేపట్లో ఒగినోయా వాళ్లు ప్లాట్‌ఫారం మీద కమమేషి అమ్మేవారు. చిన్న మట్టి కుండలో వేడి అన్నం, పైన చికెన్, పుట్టగొడుగు, వెదురు మొలక, కౌజుపిట్ట గుడ్డు, ఓ చెస్ట్‌నట్, ఎర్రగా అల్లం. 1958లో మొదలైంది, అంటే మీకంటే సీనియరే. బండి కదిలితే అమ్మేవాళ్లంతా వరసగా నిలబడి నడుం వంచి దండం పెట్టేవారు. మీకు అనుకున్నారా? లోపల కుండ మూత తీస్తున్న కస్టమర్లకి. 216 టన్నులు వెనక చేరి తంటాలు పడుతుంటే జనం గుర్తుపెట్టుకున్నది గుడ్డుని.

1997 అక్టోబర్ 1న నాగానో దాకా షిన్‌కాన్‌సెన్ బుల్లెట్ రైలు వచ్చింది. ఆ మరుసటి ఫిబ్రవరిలో అక్కడ ఒలింపిక్స్, తొందరలో ఉన్నారు పాపం. కొత్త లైను వాలు వెయ్యికి 30 మాత్రమే, వెనక ఎవరూ నెట్టక్కర్లేదు. సెప్టెంబర్ 30న మీ ఆఖరి డ్యూటీ. ఆ రోజు కొండ మీద కెమెరాలే కెమెరాలు. రోజూ మీ భుజాల మీద ఎక్కి దిగినవాళ్లకి మీకో మొహం ఉందని ఆ రోజే తెలిసింది. ఏరు దాటాక తెప్ప తగలేయడం అంటారు మావైపు. మీవాళ్లు ఇంకాస్త పద్ధతైన మనుషులు, తెప్పని తగలేసే ముందు దానితో ఫొటో దిగారు. మిమ్మల్నే కాదు, ఆ 11.2 కిలోమీటర్ల లైన్నే ఎత్తేశారు. ఆ రెండు స్టేషన్ల మధ్య ఇప్పుడు బస్సు తిరుగుతోంది. 104 ఏళ్లు రైలెక్కిన కొండని బస్సుకి అప్పజెప్పి, దీన్నే వేగం అన్నారు.

మీకు మాత్రం లోటు చేయలేదు. 1999లో యోకోకవాలో మీ పాత షెడ్డు చోటే మ్యూజియం పార్కు పెట్టారు. అక్కడ మీలో కొందరు ఇప్పటికీ కదులుతున్నారు. జనం డబ్బు కట్టి, ఒకరోజు క్లాసులో కూర్చుని, పరీక్ష రాసి, పాసైతే మిమ్మల్ని నాలుగొందల మీటర్లు నడపొచ్చు. డ్యూటీలో ఉన్నన్నాళ్లూ మిమ్మల్ని నడిపినవాళ్లకి రైల్వే జీతమిచ్చింది, రిటైరయ్యాక మీ దగ్గర పనిచేయడానికి జనమే ఎదురు ఫీజు కడుతున్నారు. ఈ కిటుకేదో మా హెచ్ఆర్ వాళ్ల చెవిన పడకుండా చూడండి, మీకు పుణ్యముంటుంది.

ఇట్లు,
కర్జత్‌లో వడాపావ్ కోసం దిగి, వెనక తగిలించిన ఇంజిన్ వైపు ఒక్కసారీ చూడని
ఓ ప్రయాణికుడు